సింగన్న సంపాదించిన వెచ్చటి చోటు

కొండ దిగువన, ఇటుకల బట్టీ వాళ్ళు వదిలేసి పోయిన పాకలో జంతువుల బడి నడిచేది. పాఠాలు చెప్పేది కొంగ పంతులుగారు. బడిలో ఉన్నంతసేపూ ఎవరూ ఎవరినీ తినకూడదన్నది అక్కడి మొదటి నియమం. పొద్దున్నే ప్రతివాళ్ళూ లేచి, నిన్న తమకు ఎవరి వల్ల మేలు జరిగిందో చెప్పాలన్నది రెండోది. ఈ రెండింటిలో రెండోదే కష్టమని సింగన్న అనే నక్క అభిప్రాయం.

పుష్యమాసం వచ్చింది. మంచు కొండ దిగి బడి గుమ్మం దాకా వచ్చి కూర్చుంటోంది. వానలకు తూర్పు గోడ కూలి, సరిగ్గా ఒక గేదె పట్టేంత కంత పడింది. పోలమ్మ అనే గేదె రోజూ ఆ కంతకు అడ్డంగా కూర్చునేది. అక్కడ కూర్చోమని ఎవరూ చెప్పలేదు, ఎందుకు కూర్చున్నావని ఎవరూ అడగలేదు. రెండో ఎక్కం కూడా రాని గేదె ఎక్కడ కూర్చుంటే ఎవరికి కావాలి?

సింగన్న చోటు కుంపటి పక్కనే. అందరూ కుళ్ళుకునే చోటు. అయినా అతని దిగులు అతనిది. కిందటేడు ముళ్ళకంపలో ఇరుక్కుని తోక బొచ్చు సగం ఊడిపోయింది. కుంపటి ముందు కూర్చుంటే మూతి మాడుతోంది గానీ, వెనక తోక కొయ్యబారిపోతోంది. ఈ చలికి మిగిలిన సగం కూడా రాలిపోతే నక్కల పెళ్ళిళ్ళకు ఏ మొహం పెట్టుకుని వెళ్ళడం?

ఒక మధ్యాహ్నం, గాలి పడిపోయి ఎండ కాస్తున్న వేళ, పోలమ్మ నీళ్ళు తాగడానికి లేచింది. సింగన్న అటుగా పోతూ ఆ నేల మీద కాలు వేశాడు. వెచ్చగా తగిలింది. అటూ ఇటూ చూసి తోక ఆనించాడు. అప్పుడే దించిన పెనంలా హాయిగా ఉంది.

"ఓహో, ఇదా సంగతి," అనుకున్నాడు. "ఇది ఇటుకల బట్టీ. లోపల నిప్పు ఇంకా చల్లారలేదు. అందరం వణుకుతుంటే ఈవిడ ఒక్కతే రాయిలా కూర్చోవడం ఎలాగా అనుకున్నాను. మొద్దు, మొద్దు అంటే నమ్మేశాం."

పోలమ్మ తిరిగి రాగానే సింగన్న గొంతులో తేనె పోసుకున్నాడు.

"అక్కా, పెద్దదానివి, ఆ మూల నువ్వలా కూర్చుంటే నాకు అన్నం సయించట్లేదు. కుంపటి పక్కన నా చోటు నీకిచ్చేస్తాను. నీ చోట నేను సర్దుకుంటాను."

"ఎందుకులే తమ్ముడూ, నాకిక్కడ బానే ఉంది."

"బానే ఉంటుందిలే, నాకు తెలియదా," అని మనసులో అనుకుని, పైకి, "నువ్వట్టా అంటావనే నా బాధ," అన్నాడు.

"ఇక్కడ గాలి కొడుతుంది తమ్ముడూ. నీ ఒంటికి ఆగదు."

ఎంత నంగనాచి, అనుకున్నాడు సింగన్న. అబద్ధం ఎంత అమాయకంగా ఆడుతోందో.

"పోనీ రెండు రోజులు చూసి చెప్పకూడదూ?" అంది పోలమ్మ మళ్ళీ.

రెండు రోజులంటే సింగన్నకు భయం వేసింది. మనసు మార్చుకుంటే? పోలమ్మను తిన్నగా పంతులుగారి దగ్గరికి తీసుకుపోయాడు. "అయ్యా, మేమిద్దరం చోట్లు మార్చుకుంటున్నాం. శివరాత్రి దాకా ఈ మాట మారకూడదు. అక్క అడిగినా, నేను అడిగినా, కాళ్ళు పట్టుకున్నా సరే."

పంతులుగారు చలికి ఒక కాలు పొట్ట కింద దాచుకుని ఉన్నారు. "ఆలోచించుకున్నావా?" అని అడిగారు.

"ఆలోచించడం నాకు ఒకరు నేర్పాలాండీ," అన్నాడు సింగన్న.

మర్నాడు అందరికంటే ముందే వచ్చి కంతలో కూర్చున్నాడు. నేల చల్లగా ఉంది. పొద్దున్నే కదా, వేడెక్కడానికి టైం పడుతుంది అనుకున్నాడు. మంచుముద్ద మీద కూర్చున్నట్టుంది. ఇంకాసేపు చూద్దాం అనుకున్నాడు. ఇంతలో పిల్లలంతా వచ్చారు, వాళ్ళ వెనకాలే తూర్పు గాలి వచ్చింది.

సింగన్న అడ్డం ఎంత, ఆ కంత ఎంత? గాలి అతని చెవుల పక్కనుంచి, కాళ్ళ సందుల్లోంచి దూరి బడంతా కలియతిరిగింది. కుంపటిలో బూడిద లేచి కోతి మొహాన పడింది. నిప్పు ఆరిపోయింది. కుందేలు చెవులు రెండూ మెడకు చుట్టుకుంది. ఒంటికాలి మీదున్న పంతులుగారు తూలిపడి, రెండో కాలు కూడా బయటికి తీయాల్సి వచ్చింది. ఆయన రెండో కాలు చూడడం పిల్లలకు అదే మొదలు.

"ముందు మేలు మాట చెప్పండి," అన్నారు పళ్ళు లేని ముక్కు టకటకలాడుతుండగా.

రోజూ "కుంపటి వల్ల" అని చెప్పి కూర్చునే కుందేలు ఈసారి పోలమ్మ వైపు తిరిగింది.

"నిన్నటి దాకా నాకు ఇంత చలి వేయలేదండి. ఎందుకు వేయలేదో ఇప్పుడే తెలిసింది. పోలమ్మక్క వల్ల."

"నాకూ అంతేనండి," అంది కోతి బూడిద తుడుచుకుంటూ. "కుంపటి ఆరకుండా చూసేది నేనేనని ఇన్నాళ్ళూ తెగ మిడిసిపడ్డాను. చూసింది ఈవిడ."

ఆ పైన లేచినవాళ్ళందరూ అదే పేరు చెప్పారు. పంతులుగారు కూడా ఎప్పుడూ లేనిది తన వంతు తాను చెప్పారు. పోలమ్మకు ఎటు చూడాలో తెలియలేదు. పెద్ద పెద్ద కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాకు ఎక్కాలు రావు, పద్యాలు రావు," అంది. "మీ మధ్య నేనెందుకూ అనిపించేది. కూర్చోవడమైతే వచ్చు కదా అని అక్కడ కూర్చున్నాను. అంతే."

నిన్న తోకకు తగిలిన వేడి బట్టీది కాదు, పోలమ్మ ఒంటిదేనని సింగన్నకు అప్పటికి వెలిగింది. గొంతు సవరించుకున్నాడు. "పంతులుగారూ, అక్కకు పాపం ఆ చోటే అలవాటు. నాదేముంది, నేను త్యాగం చేసి…"

"శివరాత్రి దాకా అన్నావు."

"నేనే అన్నానండీ. నేనే వద్దంటున్నాను."

"నువ్వు అడిగినా మార్చొద్దని కూడా నువ్వే అన్నావు. కాళ్ళ సంగతి కూడా చెప్పావు."

సింగన్న అప్పటికే కాళ్ళ వైపు వంగి ఉన్నాడు. అలాగే ఆగిపోయాడు.

పోలమ్మ నెమ్మదిగా లేచింది. "చోటు తమ్ముడిదే, మాట మాటే. నేను బయట కూర్చుంటే తప్పులేదు కదండీ?" అని అడిగి, చుట్టూ తిరిగి గోడ అవతలికి వెళ్ళింది. సూర్యుడి వైపు మొహం పెట్టి, వెనకభాగం కంతకు ఆనించి దర్జాగా కూలబడింది. గాలి టక్కున ఆగింది. కోతి కుంపటి రాజేసింది. కుంపటి పక్క ఖాళీ చోటును రోజుకొకరు పంచుకోవాలని పిల్లలే తీర్మానించుకున్నారు. పోలమ్మ మొహం నిండా లేత ఎండ పడింది. ఇన్నాళ్ళూ బడి వైపు తిరిగి కూర్చున్న గేదెకు, వీపు కాచే ఎండ మొహానికి ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది.

లోపల సింగన్నకు దక్కినది పోలమ్మ తోక. అది ఈగలు లేకపోయినా ఊరుకోదు. మాటకు ముందొకటి, మాటకు తర్వాతొకటి అతని మొహాన తగులుతూనే ఉంది. పైగా మధ్యాహ్నం గంట కొట్టే వేళకు పేడ వేయడం పోలమ్మకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

మర్నాడు సింగన్న వంతు వచ్చింది. లేచాడు, మొహం తుడుచుకున్నాడు.

"పోలమ్మక్క వల్ల," అన్నాడు.

"ఏం మేలు జరిగింది నీకు?" అని అడిగింది కోతి, తెలియనట్టు.

సింగన్న తన తోక తడుముకుని చూసుకున్నాడు. మిగిలిన సగం బొచ్చూ భద్రంగా ఉంది.

"వెచ్చగా ఉంది," అన్నాడు. అతను ఆ బడిలో నిజం చెప్పడం అదే మొదటిసారి. వెంటనే తోక దెబ్బ ఒకటి పడింది.

నీతి: మనం ఎవరి వీపు చాటున వెచ్చగా ఉన్నామో గాలి వచ్చి చెప్పేదాకా ఆగకుండా, ముందే చూసుకుని ఆ మాట వాళ్ళతో అనేయాలి.