ఏటి నడుమ ఒక్క దెబ్బ

అనగనగా ఒక ఏరు. ఎప్పుడూ ఊరేనా, ఈ కథకి ఏరే మొదలు. ఇవతల కేకేస్తే అవతల మాట తెలియనంత వెడల్పు. తూర్పు గట్టున ఒక రాజు, పడమటి గట్టున ఒక రాజు. లోకంలో మిగతా రాజులందరూ ఈ ఇద్దరిలో ఎవరో ఒకరికి దణ్ణం పెట్టాల్సిందే. వీళ్ళిద్దరికీ మాత్రం ఒకరి పొడ ఒకరికి గిట్టదు.

రెండు కోటల్లోనూ పొద్దుగూకే వేళ నగారా కొట్టడం ఆనవాయితీ. ఏ పుణ్యాత్ముడు పెట్టాడో గానీ, ఆఖరి దెబ్బ ఎవరిదైతే వాడే పెద్ద రాజట. ఇంకేముంది, ఇతను కొడితే అతను కొట్టాలి, అతను కొడితే ఇతను కొట్టాలి. మూడు దెబ్బలతో అయిపోయేది కాస్తా మూడొందలకి పాకింది. ఊ కొడుతున్నారా? ఆఁ, అలా కొట్టండి.

తూర్పు కోటలో నగారా కొట్టే ముసలాయన అప్పలస్వామి. ఆయన కోడలు గవరమ్మ. కొట్టీ కొట్టీ మామగారి చేతులు బొబ్బలెక్కి, వేళ్ళు ముడుచుకోక, ముద్ద కూడా పట్టలేకపోయేవాడు. కోడలే కలిపి నోట్లో పెట్టేది. ఒకనాడు ఆ ముద్ద తింటూ తింటూ ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. గవరమ్మ ఆయన కళ్ళు తుడిచింది. ఈ నగారా సంగతి తేల్చందే ఊరుకోనని కొంగు బిగించింది.

మామా, నువ్వెందుకాపవు అంటే, రాజుగారు ఆపమనలేదమ్మా అన్నాడు. రాజా, తమరెందుకాపమనరు అంటే, అవతలి రాజు ఆపలేదే అన్నాడు. పడవెక్కి పోయి, అవతలి రాజా, తమరెందుకాపరు అంటే, మీ రాజు ఆపితేగా అన్నాడు. మా దెబ్బయ్యాక వాళ్ళ దెబ్బ ఒకటి వినపడుతుంది, నా చెవులతో విన్నానని ఇతనూ అన్నాడు, అతనూ అన్నాడు. ఇద్దరిలో ఒక్కడూ అబద్ధమాడే మనిషిలా లేడు. అదీ తిరకాసు.

ఆలోచించుకుంటూ రేవులో కూచుంది. అవతలి గట్టున ఎవరో దుప్పటి ఉతుకుతున్నారు. దుప్పటి బండ మీద పడ్డం కనపడింది. మళ్ళీ పైకి లేవడమూ కనపడింది. అప్పుడొచ్చింది చప్పుడు. ఓసి ఇదా, దూరం నించి వచ్చేది ఆలస్యంగానే వస్తుంది కదా, రెండు దెబ్బలూ ఒక్కసారే పడ్డా ఎవరికి వాళ్ళకి అవతలిదే ఆఖరుగా వినపడుతుంది అనుకుంది.

ఏటి నడిమధ్య ఇసక దిబ్బ ఉంది, అక్కడికొచ్చి వినండి బాబూ అని రాజుల్ని బతిమాలింది. వాడికంటే ముందు నేను కాలుపెడితే లోకువైపోనూ అన్నాడు ఒకడు. రెండోవాడూ అదే పాట. మంకుపట్టుకి మందుందా?

గవరమ్మ అవతలి నగారా వాడి పెళ్ళాం ముత్యాల్ని కలిసింది. ముత్యాలు మొగుడి చేతులూ అంతే పచ్చి పుళ్ళు. ఆ సాయంత్రం ఆడాళ్ళిద్దరూ రెండు కోటల నగారా కర్రలూ పట్టుకెళ్ళి దిబ్బ మీద చతికిలబడ్డారు. పొద్దుగూకింది, చప్పుడు లేదు. ఇటునించి ఒక పడవ, అటునించి ఒక పడవ, ఇద్దరు రాజులూ బుసలు కొడుతూ దిగారు. తల తీయిస్తానన్నాడు తూర్పు రాజు. గవరమ్మ లేవలేదు. తీయిద్దురు గాని బాబూ, ఒక్క దెబ్బ విన్నాక తీయించండి అంది.

పడవవాళ్ళ చేత కర్రలు వెనక్కి పంపింది. నేను ఎర్ర చీర ఎత్తగానే ఒక్క దెబ్బ కొట్టమని చెప్పమంది. పడవలు గట్లు చేరాక, ఇంకా మసక వెలుగుండగానే, తెచ్చుకున్న ఎర్ర చీర గెడకి కట్టి ఎత్తింది. రెండు గట్ల దెబ్బా ఒక్కటిగా వచ్చి పడింది. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ ఒక్కటే. ఇద్దరు రాజులూ నేల చూపులు చూశారు. అయితే ఇన్నాళ్ళూ నువ్వూ నాతోపాటే కొట్టి ఆపావా అని ఇతను, నువ్వూ ఆపావన్నమాట అని అతను.

ఆ రోజే కావిలించుకున్నారని చెప్తే నేను అబద్ధమాడినట్టే. మీసాలు మీసాలే. కానీ ఆనాటి నించీ పొద్దుగూకితే ఇటొక దెబ్బ, అటొక దెబ్బ, అంతే. ఎప్పుడైనా అనుమానమొస్తే ఇద్దరూ దిబ్బ మీదికొచ్చి వినేవాళ్ళు. వచ్చాక ఊరికే పోలేరుగా, కాస్త మాటా మంచీ అలవాటైంది. ఎవరి గట్టున వాళ్ళుంటే అవతలివాడిదే తప్పనిపిస్తుందర్రా, పొద్దున పోట్లాడుకున్న మీ ఇద్దరికీ చెప్తున్నా.

నెల తిరిగింది. అప్పలస్వామి తన కంచంలో తనే అన్నం కలుపుకున్నాడు. మొదటి ముద్ద తను తినలేదు. కోడల్ని పిలిచి, నోరు తెరవమ్మా అన్నాడు.

కథేమో పడవెక్కి కంచికి పోయింది, మనం మన మంచాల మీదున్నాం. ఇక పడుకోండి.