పుప్పొడి తిన్న నూకాలు

అనగనగా ఊళ్ళో కాదురా కన్నా, ఊరి బయట, సీమచింత చెట్టు తొర్రలో ఒక తేనెపట్టు. అందులో నూకాలని ఒక ముసలి ఈగ. ముసలంటే ఎంతనుకున్నావు? పుట్టి నెల్లాళ్ళు, అంతే!

నూకాలు పొద్దస్తమానం నువ్వుచేల మీద తిరిగేది. ఇంత తేనె నాకి, కడుపు నిండిందనుకునేది. పుప్పొడి మోసుకొచ్చి గదుల్లో దాచేదే గానీ, తను నోట పెట్టేది కాదు. అలా తిరిగి తిరిగి రెక్కలు చిరిగాయి, ఒళ్ళు వడిలిపోయింది.

ఒకనాడు కుర్ర ఈగలన్నీ పాత రాణి వెంట వేరుకాపురం వెళ్ళిపోయాయి. చంటిపిల్లలకు నోట ఊరే పాలు పట్టేది ఆ కుర్రవాళ్ళే. ఇక మిగిలింది ముసలివాళ్ళూ, మైనం గదుల్లో పసివాళ్ళూ. ఆ పిల్లలు బతక్కపోతే ఇంట దీపం పెట్టేవాళ్ళే ఉండరు. తక్కినవాళ్ళు మావల్ల కాదని చతికిలబడ్డారు. నూకాలుకి మాత్రం ప్రాణం ఊరుకోలేదు.

అప్పుడు చేలోకి పరుగెత్తి పూలతేనె తెచ్చి పట్టింది. పిల్లలు నాకారు, అయినా నీరసపడ్డారు. ఆ తర్వాత దాచిన పాత తేనె తీసి పట్టింది. ఇంకా చిక్కిపోయారు.

వాకిలి కాసే గవరమ్మ చూసి కసిరింది. "వాళ్ళకి కావలసింది తీపి కాదే, పాలు!"

"నా వయసుకి పాలెక్కణ్ణించి వస్తాయి వదినా?" అని నూకాలు ఏడ్చింది.

"ముందు నువ్వు కడుపునిండా పుప్పొడి తిను. తర్వాత ఏడుద్దువుగాని."

అప్పుడు నూకాలు నిలవ పుప్పొడి ముద్ద నోట్లో పెట్టుకుంది. పుల్లగా, వగరుగా ఉంది. పప్పన్నం చూసి నువ్వు పెట్టే మొహమే పెట్టిందనుకో! అయినా మింగింది. ఒకరోజు తింది, రెండు రోజులు తింది. మూడోరోజుకి నోట్లో పాలు ఊరాయి.

ఆ తర్వాత చూడాలి దాని హడావుడి! గదిగదికీ తిరిగి పాలు పట్టింది. పిల్లలు బొద్దుగా తయారయ్యారు. వాళ్ళతోపాటు నూకాలు ఒళ్ళూ తేరుకుంది, మొహం నిగనిగలాడింది. చిరిగిన రెక్కలు మాత్రం అతుక్కోలేదు.

కొన్నాళ్ళకి మొదటి పిల్ల మైనం మూత కొరుక్కుని బయటికొచ్చింది. నూకాలు మొహంలోకి తేరిపార చూసింది.

"అక్కా, నువ్వూ ఇవాళే పుట్టావా?" అంది.

నూకాలు మురిసిపోయింది. దాన్ని దగ్గరికి తీసుకుని ఇంకో గుక్క పట్టింది.

కథేమో కంచి చేరింది,
కడుపు చల్లగా నిండింది,
తొర్రలో సద్దు మణిగింది,
కన్నకి నిద్దరొచ్చింది.