సన్యాసమ్మ మూసిన కన్నం

అనగనగా ఒక కొండ, ఆ కొండ కింద ఒక అడవి, ఆ అడవి అంచున ఒక పెంకుటిల్లు. ఆ ఇంట్లో సన్యాసమ్మ ఉండేది. ఒంటరి మనిషి. ఇంటి వెనక చిన్న పొలం ముక్కలో ఏటా రాగులు పండించుకునేది. వచ్చే పంటకు కావలసిన విత్తనాలు బుట్టలో పోసి అటక మీద దాచుకునేది.

ఒక వేసవిలో ఇంటికప్పు మీద పెంకు ఒకటి పగిలింది. "చిన్న కన్నమే కదా, తర్వాత చూద్దాంలే" అనుకుంది సన్యాసమ్మ. ఆమె చూడలేదు గానీ, పక్కనున్న చింతచెట్టు మీది ఉడుత చూసింది. చెట్టుకొమ్మ ఒకటి ఇంటి మీదికి వాలి ఉంది. ఉడుత ఆ కొమ్మ మీంచి దూకి కన్నంలోంచి లోపలికి దూరింది. దాని వెనకే గోరింకల జంట వచ్చి చూరు కింద కాపురం పెట్టింది.

ఇక సన్యాసమ్మకు మనశ్శాంతి కరువైంది. కోడి కూయకముందే నెత్తి మీద పరుగులు. పొద్దస్తమానం గోరింకల మొగుడూపెళ్ళాల పోట్లాట. అన్నం తినబోతే కంచంలో గడ్డిపరక. నీళ్ళు ముంచుకోబోతే బిందెలో ఈక.

"ఇదిగో ఉడుతా, ఇది నా ఇల్లు. నీకు అడవంతా ఉంది. వెళ్ళు" అంది సన్యాసమ్మ.

"అడవిలో వానొస్తే తడుస్తాను అత్తా" అంది ఉడుత.

"నేను నీకు అత్తనెప్పుడయ్యాను?"

"ఒకే కప్పు కింద ఉంటున్నాం. ఏదో ఒక వరస ఉండాలిగా."

సన్యాసమ్మ నిచ్చెన వేసుకుని ఎక్కి, కన్నంలో పాత గోనెగుడ్డ కుక్కింది. సాయంత్రానికి గుడ్డ లేదు. "భలే మెత్తగా ఉంది అత్తా. పరుపు వేసుకున్నాను. ఇంకో ముక్క ఉందా?" అంది ఉడుత లోపల్నించి. సన్యాసమ్మ పళ్ళు నూరుకుంది.

మర్నాడు కుంపట్లో ఎండుమిరపకాయలు వేసి పొగ పెట్టింది. ఉడుతా గోరింకలూ పోయి చెట్టు మీద కూర్చున్నాయి. పొగ మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. సన్యాసమ్మ తుమ్మి తుమ్మి, కళ్ళు తుడుచుకుంటూ వాకిట్లో కూలబడింది.

"పాపం, జలుబు చేసినట్టుంది" అంది ఆడ గోరింక.

"నీకెందుకు ఊళ్ళోవాళ్ళ సంగతులు" అని కసిరింది మగ గోరింక.

నెల తిరిగింది. మృగశిర కార్తె దగ్గరపడింది. వానలొస్తే కన్నం కింద ఉన్న విత్తనాల గతేమిటి? సన్యాసమ్మకు కంటి మీద కునుకు లేదు. ఒక పొద్దున ఉడుత మేతకు వెళ్ళడం చూసి, బంకమట్టిలో పెంకుముక్కలు కలిపి, గబగబా పైకెక్కి కన్నం మెత్తసాగింది.

లోపల్నించి సన్నగా కీచుకీచుమని వినబడింది. సన్యాసమ్మ చెయ్యి ఆగింది.

"ఎలుకలై ఉంటాయి. ఏవైతే నాకేం" అనుకుని, ఇంకో ముద్ద తీసి గట్టిగా అద్దింది.

కాసేపటికి ఉడుత వచ్చింది. కప్పంతా రెండుసార్లు తిరిగి చూసుకుని, పరుగున వాకిట్లోకి దిగింది. ఈసారి వరస కలపలేదు.

"సన్యాసమ్మా, లోపల నా పిల్లలున్నారు. ముగ్గురు. ఇంకా నడక రాలేదు. కన్నం తియ్యి."

"నెల రోజులుగా మొత్తుకుంటున్నాను. నువ్వు విన్నావా? ఇప్పుడు నేను వినాలా?" అని, సన్యాసమ్మ పార భుజాన వేసుకుని పొలానికి వెళ్ళిపోయింది.

ఉడుత మట్టిని గీరింది. ఎండకు గట్టిపడిన మట్టి రాలేదు. పక్క పెంకు కింద తల పెట్టి నెట్టింది. గోరింకలు పోట్లాట మానేసి ముక్కులతో సాయం పట్టాయి. ఒక పెంకు కదిలింది, దాని పక్కది జారింది, దాని కిందివి దొర్లాయి. మధ్యాహ్నానికి ఆరు పెంకులు నేలపడి ముక్కలయ్యాయి. ఆ వెంటనే కొండ మీద మబ్బు కమ్మింది. కార్తె రాకముందే కుండపోతగా వాన కురిసింది.

సన్యాసమ్మ పరుగెత్తుకొచ్చి అటక ఎక్కేసరికి బుట్టలో విత్తనాలు తడిసి ముద్దవుతున్నాయి. ఓ మూల గోనెగుడ్డ మీద ఉడుత తన పిల్లల్ని కడుపు కింద పెట్టుకుని, వీపు వానకు అడ్డం పెట్టి పడుకుని ఉంది. సన్యాసమ్మ బుట్టను వాన పడని పక్కకు లాగింది. తర్వాత అడిగింది.

"పిల్లలు?"

"బతికారు. నీ విత్తనాలు?"

"సగం పోయినట్టే."

"నేను వేళాకోళమే ఆడాను గానీ, పిల్లలు పుట్టారని ముందే చెప్పలేదు" అంది ఉడుత. "రెండు వారాలు ఆగితే వాళ్ళకు నడక వస్తుంది. తీసుకుపోతాను."

"కీచుమనడం నాకు వినబడింది. విని కూడా మూశాను" అంది సన్యాసమ్మ.

ఆమె వానలోనే వెళ్ళి తాటాకులు తెచ్చి కప్పు మీద పరిచింది. రెండు వారాలూ పరుగులు భరించింది, ఈకలు ఏరింది, గొణుక్కుంది. మాట ప్రకారం ఉడుత పిల్లల్ని తీసుకుని అడవిలోని చెట్టుతొర్రకు వెళ్ళింది. గోరింకలు మాత్రం ఎవరు ముందు బయల్దేరాలో తేల్చుకోలేక ఇంకో మూడు రోజులు ఉన్నాయి. సన్యాసమ్మ తల పట్టుకుని ఆ మూడు రోజులూ ఆగింది.

తర్వాత ఇంటి మీదికి వాలిన చింతకొమ్మ కొట్టేసింది. కొత్త పెంకులు తెచ్చి పరిచింది. ఆఖరి పెంకు చేతిలో పట్టుకుని, కన్నంలో తలపెట్టి, "లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. చెవి ఆనించి వింది. మళ్ళీ అడిగింది. గాలి తప్ప ఏమీ పలకలేదు. అప్పుడు పెంకు పెట్టింది.

ఆ ఏడు ఎంత వాన పడినా ఇంట్లో చుక్క కారలేదు. పొలంలో మాత్రం సగమే పచ్చబడింది. మిగతా సగం ఎందుకు బీడు పెట్టావని దారినపోయేవాళ్ళు అడిగితే, "వినబడింది విననట్టు ఊరుకున్నాను" అనేది సన్యాసమ్మ.

నీతి: ఎంత విసుగొచ్చినా, మూసే ముందు లోపల ఎవరున్నారో చూడాలి, చూడకుండా మూసిన ఒక్క కన్నం ఆరు కన్నాలవుతుంది.