నీలాంబరి గేటు దగ్గరి పిలుపులమ్మ

ఉదయం తొమ్మిది దాటింది. ఎండ ఇంకా ముదరలేదు. గాలి పొడిగా, దుమ్ముగా ఉంది. బైపాస్ రోడ్డు పక్కన, మూతపడిన నీలాంబరి వినోదవనం గేటు ముందు ఒక స్కూలు బస్సు ఆగింది. విహారయాత్రకు పోయే పిల్లలను తల్లులు ఒక్కొక్కరినే దింపి, గేటుకు కుడిపక్కన ఉన్న గద్దె వద్దకు తీసుకుపోతున్నారు. ఆ గద్దె మీద, రేకుల పందిరి కింద, కుండ వంచి పట్టుకుని నిలబడిన స్త్రీమూర్తియే పిలుపులమ్మ.

ఈ మూర్తి రాతిది కాదు. ఫైబరుతో పోసిన బొమ్మ. ఎడమచేయి మోచేతి వద్ద విరిగి ఉంటుంది. దానిని అతికించరాదు. అమ్మకు పసుపు, కుంకుమ చాలు. కొబ్బరికాయ కొట్టే ఆచారం లేదు. ఇక్కడ అంకెలు పలకరాదు. తల్లి తన బిడ్డ గడ్డం పట్టి, ముఖం చూసి, పేరుపెట్టి పిలవాలి. బిడ్డ "వచ్చినా" అని బదులు పలికిన తరువాతనే రెండో బిడ్డను పిలవాలి.

పూర్వం ఇక్కడ వేరుశనగ చేలుండేవి. వానలు మొహం చాటేసిన ఏళ్లలో ఆ చేలు అమ్ముడుపోయి, నీలాంబరి వెలసింది. చుట్టుపక్కల ఊళ్లలో ఆ వనానికి పోని పిల్లలు లేరు. దాని సంగతులు ఇప్పుడు చెప్పుకునేవారు తక్కువ. లోపల తిరిగే బొమ్మరైలు కూత, మూతపడిన నూనెమిల్లు నుంచి తెచ్చి బిగించినది. ఆ కూత వినబడితే పాత మిల్లు కూలీలు పనివేళ అయిందనుకుని తల ఎత్తేవారట. వంకర అద్దాల గదిలో ఒక అద్దం మామూలు అద్దమే. పిల్లలు అన్నిటికంటె దాని ముందే ఎక్కువ నవ్వేవారు. ఎలుగుబంటి వేషం వేసే మనిషి సాయంత్రం పూట తలకాయ తీసి చంకలో పెట్టుకుని టీ తాగేవాడు. ఆ దృశ్యం చూసి జడుసుకున్నవారు ఇప్పుడు తమ పిల్లలకు చెప్పి నవ్విస్తారు. లోపలి గుట్ట నిజమైన గుట్ట కాదు. అలల కొలను తవ్వినప్పుడు తీసిన మన్ను. ఆ కొలను లోతు చివర నిలబడి, కుండతో నీళ్లు పోసే బొమ్మ ఒకటుండేది. ఆమెయే ఈమె.

టౌనులో జాకెట్లు కుట్టుకునే అలివేలు, ఒక ఎండాకాలపు ఆదివారం పిల్లలను వెంటబెట్టుకుని నీలాంబరికి వచ్చింది. తన కూతురు స్రవంతి, కొడుకు గిరి, ఆడపడుచు సుగుణ పిల్లలు పవన్, మేఘన, పక్కింటి తబస్సుమ్. ఐదుగురు. బయలుదేరేటప్పుడు సుగుణ గడప దాకా వచ్చి పదేపదే చెప్పింది.

"వదినా, మా పవన్‌గాడు నీళ్లు చూస్తే మనిషి కాడు. వాని మీదనే కన్నుండాల."

"ట్రంకుపెట్టెలో పెట్టి తాళమేసుకొని పోతాలే సుగుణా."

"మరి నా మీద కన్నెవరిదత్తా?" అన్నాడు గిరి.

"నీకేమి రా, మీ అమ్మ కొంగు పట్టుకోనే పుట్టినావు. నువ్వు తప్పిపోయేదుంటే కదా." అందరూ నవ్వారు. అలివేలు కూడా నవ్వింది.

అలల కొలనులో దిగేవారు సొంత బట్టలతో దిగరాదని నియమం. లోపలే బాడుగకు నీలం నైలాన్ బట్టలు, తలకు నీలం టోపీ ఇచ్చేవారు. అవి తొడిగితే ఎవరి బిడ్డయినా ఒక్కటే. సైరను మోగగానే అలలు లేచేవి. గట్టున ఎత్తు కుర్చీ మీద ఒక మనిషి కూర్చుని నీళ్లను చూడాలి. ఆ ఆదివారం జనం ఎక్కువై, ఆయనను టికెట్ల కిటికీ దగ్గరకు పంపారు. కుర్చీ మీద ఆయన తువ్వాలు మాత్రం ఉంది.

మధ్యాహ్నం అలలు ఆగాక అలివేలు పిల్లలను బట్టలు అప్పగించే చోటికి తెచ్చింది. అక్కడి ఆమె తొందరపెట్టింది.

"ఎంతమంది మా మీరు? బిరబిరా ఇడిచీండి, ఇంకో గుంపు దిగుతాంది."

"ఐదుగురు పిల్లలు."

అలివేలు పవన్ గడ్డం ఎత్తి చూసింది, మాట పోకూడదు కనుక. మేఘన చెవికమ్మలు తడిమి చూసింది, బంగారువి కనుక. తబస్సుమ్ ముఖం చూసింది, వాళ్లమ్మ మొదటిసారి పంపింది కనుక. స్రవంతి తనంతట తానే జడ పిండుకుంటోంది. చివర నిలబడిన ఐదో నీలం టోపీని ముఖం చూడకుండానే లాగి తీసి, తువ్వాలు కప్పి, తల తుడిచింది. పరాయి పిల్లలను ముఖాలు చూసి ఎంచుకుంది. తన బిడ్డను తలకాయగా ఎంచుకుంది. తువ్వాలు తీసేసరికి కింద ఎవరో పిల్లవాడు.

"ఎవరురా నువ్వు?"

"మాయమ్మ కోసరం చూస్తాండా" అన్నాడు వాడు మెల్లగా. తల తుడుస్తుంటే ఒద్దనడం తెలియలేదు వాడికి.

ఆ పిల్లవాణ్ణి మైకు గదికి తీసుకుపొమ్మని స్రవంతితో చెప్పి, అలివేలు కొలను వైపు పరుగెత్తింది. అప్పటికే సైరను మోగింది. కొత్త గుంపు దిగింది. మోటారు గది ముందు కూర్చున్న కుర్రవాణ్ణి అలలు ఆపమని అడిగింది.

"టైము కాందే ఆపకూడదు మేడమ్. పైనోళ్లు చెప్పాల."

"పైవాళ్లెక్కడ?"

"భోంచేసి వస్తారు."

గట్టున నిలబడి ఆమె కొడుకు పేరు పిలిచింది. ఆ కేకకు నీళ్లలోని నీలం టోపీలన్నీ ఇటు తిరిగి చూశాయి. గిరి చూడలేదు.

అలలు వాటంతట అవి ఆగిన తరువాత, లోతు చివర, కుండ బొమ్మ మోచేతికి నైలాన్ చొక్కా తగులుకుని పిల్లవాడు దొరికాడు. చొక్కా ఊడలేదు. బొమ్మ చెయ్యి విరిచి వాణ్ణి తీశారు. అంతకుముందు గుంపులో అందరూ బయటికి వచ్చేటప్పుడు వాడు రాలేదు. కుర్చీ ఖాళీగా ఉన్నందున ఎవరూ చూడలేదు. తల్లి కూడా చూడలేదు.

కుర్చీలో మనిషి ఉన్నాడనీ, తల్లి లెక్క తప్పిందనీ యాజమాన్యం పేపరువాళ్లకు చెప్పింది. మొదటి మాట అబద్ధం. సుగుణ అలివేలు ఇంటికి వచ్చి, తన పిల్లలను దగ్గరకు తీసుకుని ఏడ్చింది. వదినను తాకలేదు. తాకితే ఏమవుతుందో అని భయపడిందంటారు.

కొలను మళ్లీ తెరిచారు. చెయ్యి విరిగిన బొమ్మను జనం చూసి అడుగుతున్నారని, పీకి ప్రహరీ వెనక కంపల్లో పారేశారు. అలివేలు ఆదివారాల్లో గేటు దగ్గరకు వచ్చి నిలబడేది. బయటికి పోయే తల్లులకు అడ్డం వచ్చి, "తలకాయలు లెక్కపెట్టొద్దమ్మా, ముఖం చూసి పిలవండి" అనేది. కొందరు పిలిచేవారు. ఎక్కువమంది పిల్లలను దూరం లాక్కుపోయేవారు.

"ఏమ్మా, నీ మాటకు జనాలు బెదురుతాండారు. పక్కకు పో తల్లీ" అన్నాడు వాచ్‌మన్.

పక్కకు పోయింది. గోడ వెంట నడిచి వెనకకు చేరింది. అక్కడ మేకల ఓబులేసు కంపల ముందు కర్ర పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ముందురోజు వాన పడింది. వెల్లకిలా పడిన బొమ్మ కుండలో నీళ్లు నిండి, మేకలు దాని చుట్టే మూగి కదలడం లేదు.

"ఎవురిదమ్మా ఈ బొమ్మ? నా మేకలు ఇంటికి రామంటాండాయి. ఈడనే సంసారం పెట్టినాయి."

అలివేలు విరిగిన మోచేతిని చూసింది.

"నాదే" అన్నది.

ఓబులేసు లేచి మేకలను పక్కకు తోలాడు.

ఆ రాత్రి ఓబులేసు భార్య నాగమ్మకు కల వచ్చింది. కుండ పట్టిన స్త్రీ కనబడి, "నన్ను వాకిలి కాడ నిలబెట్టండి. నా ఎదుట బిడ్డల్ను పేర్లతో పిలవాల. నా చెయ్యి అతికియ్యొద్దు" అని చెప్పినది. అలివేలుకు ఏ కలా రాలేదు. ఆమె అప్పటికి నిద్రపోవడం మానేసింది. ఓబులేసు దంపతులు బండిమీద బొమ్మను తెచ్చి గేటు పక్కన నిలిపారు. యాజమాన్యం తీసేయమన్నది. తల్లులు దండం పెట్టుకోవడం చూసి ఊరుకున్నది. తరువాత తానే గద్దె కట్టించి, "అమ్మ ఒక బాలుని తన ఒడిలోకి స్వీకరించిన పుణ్యస్థలం" అని పలక వేయించింది. అలివేలు జాకెట్లు కత్తిరించే కత్తెర తెచ్చి ఆ అక్షరాలను గీకింది. పలక మీద ఆ గీతలు భక్తులు ఇప్పటికీ చూడవచ్చు. అమ్మ ఎవరినీ స్వీకరించలేదు. ఆమెకు ఒళ్లో చోటు లేదు, కుండ ఉంది.

నీలాంబరి మూతపడింది. రైలు పట్టాలు పాత ఇనుముకు పోయాయి. అద్దాలు ఎవరు పట్టుకుపోయారో తెలియదు. కొలనులో తుమ్మచెట్లు లేచాయి. పిలుపు మాత్రం ఆగలేదు. ఊరు దాటి పోయే పిల్లల బస్సు ఏదయినా ఇక్కడ ఆగి పోతుంది. తిరిగి వచ్చినప్పుడు కూడా ఆగుతుంది.

ఈ అమ్మను కొలిస్తే సంతానం కలుగుతుందనీ, గండాలు తొలగుతాయనీ చెప్పేవారున్నారు. అంత చెప్పలేము. ముఖం చూసి పిలిచిన తల్లికి తన బిడ్డ అక్కడ ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. వేళకు తెలిస్తే పరుగెత్తడానికి వ్యవధి ఉంటుంది. ఇక్కడి ఫలం అదే.

బస్సు కదిలి, తల్లులు వెళ్లిపోయిన తరువాత అలివేలు గద్దె ముందుకు వస్తుంది. అమ్మ పాదాల దగ్గర దుమ్ము తుడుస్తుంది. తన పిలుపు చివర పిలుస్తుంది, పైకి వినబడకుండా. స్రవంతి ఇంటికి వచ్చింది. పవన్ వచ్చాడు. మేఘన వచ్చింది. తబస్సుమ్ వచ్చింది. తాను తల తుడిచిన ఆ పిల్లవాడు, పేరు అడగలేదు, వాడు కూడా మైకు గదిలో తల్లి దొరికి, ఆమె వెంట ఇల్లు చేరాడు.

ఐదుగురు.