ఎర్రమిట్టలో చందా

మద్దిలేటి మూడోసారి కూడా ఉత్త చేతుల్తోనే మఠానికి తిరిగొచ్చాడు. చందాల సంచి గుంజకు తగిలించి బసమ్మవ్వ ముందు కూలబడ్డాడు.

గుట్ట కిందుండే ఆ చిన్న మఠంలో అవ్వ నలభై ఏళ్ళుగా ఉంటోంది. ఒక గంట, ఒక జోలె తప్ప ఆమెకు వేరే ఆస్తి లేదు. మద్దిలేటి ఆమె దగ్గర ఉపదేశం తీసుకున్నవాడు. నలుగురికి పనికొచ్చేది ఏదైనా చేస్తానంటే, "పో, ఆ గుట్టను చూడు" అన్నది అవ్వే.

గుట్ట బోడిది. వాన పడితే మన్నంతా కొట్టుకుపోయి వంకలో కలుస్తుంది. పైనుండే ఎగువపల్లె చేలల్లో రాళ్ళు తేలాయి. కిందుండే దిగువపల్లెలో బావులు ఎండుతున్నాయి. వాలుకు అడ్డంగా ఏడు వరసల రాతికట్టలు కడితే మన్నూ ఆగుతుంది, నీళ్ళూ ఇంకుతాయి. మద్దిలేటి నెల్లాళ్ళు గుట్టంతా తిరిగి సున్నంతో గీతలు పెట్టాడు. సగం ఖర్చు తాము పెట్టుకుంటామని, మిగతా సగం డబ్బు రూపంలోనో ఒళ్ళు కష్టంగానో రెండు ఊళ్ళూ పెట్టుకోవాలని సర్కారు ఆఫీసువాళ్ళు చెప్పారు. రోహిణి కార్తె దాటేలోగా ఊళ్ళవాళ్ళు ఏదో ఒకటి చెప్పాలి. లేకపోతే ఆ డబ్బు ఇంకో గుట్టకు పోతుంది.

"ఏమన్నారు?" అంది అవ్వ.

"ఏమంటారు! ఎగువోళ్ళను అడిగితే, వాన మా నెత్తిన పడి నీళ్ళు వాళ్ళ బావుల్లో దిగుతాయి, వాళ్ళనే పెట్టుకోమను అంటారు. దిగువోళ్ళను అడిగితే, గుట్ట ఎగువోళ్ళ పక్కనుండేది, ముందు వాళ్ళను ఇయ్యమను అంటారు. కొందరైతే, కట్ట మా చేని గట్టున కట్టు, అప్పుడిస్తాం అంటారు. అందరి చేని గట్టుకూ గుట్టను యాడనుంచి తెచ్చేది అవ్వా?"

దిగువపల్లె మొదటింటి ఓబులమ్మ అన్న మాట మాత్రం అతను చెప్పలేదు. చెప్పడానికి సిగ్గేసింది. "గుట్టకు ముగ్గేసే ఆయన మళ్ళీ వచ్చినాడమ్మో! రంగులు తెచ్చినావా అన్నా?" అని వీధంతా వినేటట్టు నవ్వింది ఆమె.

"మూడుసార్లు తిరిగినా. ఇంక పోను. వాళ్ళ ఖర్మ," అన్నాడు.

అవ్వ లేచింది. గంట చేతికి తీసుకుంది.

"ఒక ఊరు వదిలేసినావు. రా."

"ఏ ఊరు?"

"ఎర్రమిట్ట."

మద్దిలేటి అవ్వ ముఖంలోకి చూశాడు. గుట్ట నడుమున ఆ ఊరు ఒకప్పుడు ఉండేదట. అతని తాత పుట్టకముందే పాడుబడింది. మధ్యాహ్నం పూట మేకలవాళ్ళు కూడా అటు పోరు.

"ఆడ ఎవరుండారు అవ్వా?"

"పోయి అడిగినావా?"

వాళ్ళు చేరేసరికి ఎండ సరిగ్గా నడినెత్తిన ఉంది. గాలి లేదు. పిట్ట అరుపు లేదు. కప్పుల్లేని గోడలు, తలుపుల్లేని వాకిళ్ళు. ఒక గోడ గూట్లో దీపం మసి ఇంకా నల్లగానే ఉంది. కింద మన్నన్నదే లేదు, అంతా బండ. ఎప్పుడో మన్నులో పాతుకున్న రోళ్ళు, మన్ను పోయి, ఆ బండమీద ఒంటిగా నిలబడి ఉన్నాయి.

అవ్వ మొదటి వాకిలి ముందు ఆగి గంట ఊపింది.

"అమ్మా, గుట్టకట్టలకు చందా!"

లోపలుండే మనిషి చేతిలో పని పక్కనబెట్టి లేచి రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు నిలబడింది. తర్వాత తల ఊపింది.

"ముందు కిందోళ్ళు ఇయ్యాలా? సరే తల్లీ."

రెండో వాకిలి. "పిల్ల పెండ్లి అయినాకనా? అట్లనే."

మద్దిలేటికి నవ్వొచ్చింది. అవ్వకు వయసు మీదపడింది అనుకున్నాడు. మూడో వాకిలి దగ్గర ఆ నవ్వు పోయింది. అవ్వ అక్కడ చాలాసేపు విని, తానూ నవ్వి, "అవునమ్మా, ముగ్గేస్తాడు మావోడు. రంగులు మాత్రం తేలేదు," అంది.

ఆ ముగ్గు మాట అతను అవ్వకు చెప్పనేలేదు.

"ఈ ఇంటిని నువ్వు పిలువు," అంది అవ్వ నాలుగో వాకిలి చూపించి.

"అమ్మా... చందా," అన్నాడు మద్దిలేటి. ఆ గొంతు తనది కానట్టు పలికింది.

లోపల ఉత్త బిందెను బండమీద దించిన చప్పుడైంది.

మద్దిలేటి వెనక్కి ఒక అడుగు వేశాడు. అవ్వ అతని చెయ్యి పట్టుకుంది.

"ఉండు. పిలిచినావు కదా."

ఉన్నారు. కాళ్ళకిందుండే నీడలు బయటికొచ్చి పొడుగయ్యేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు. వాకిట్లోకి ఎవరూ రాలేదు. ద్వారబంధంలోంచి అవతలి ఆకాశమే కనపడుతోంది.

"ఎందుకు రారు అవ్వా?" అన్నాడు మెల్లగా, ఎవరైనా వింటారేమో అన్నట్టు.

"వీళ్ళ దగ్గరికి కూడా ఒకాయన వచ్చేవాడంట, కట్టలు కట్టుకుందాం రండని," అంది అవ్వ. "మూడుసార్లు తిరిగినాడంట."

గంట జోలెలో వేసుకొని దిగడం మొదలుపెట్టింది.

మద్దిలేటి మఠానికి పోలేదు. వంక వెంబడే నడిచి దిగువపల్లెకు పోయాడు. ఓబులమ్మ ఇంటి తలుపు తీసే ఉంది. "అమ్మా," అని పిలిచాడు. పలుకు లేదు. వెలుతురునుంచి వచ్చినందుకో ఏమో, లోపల ఏమీ కనపడలేదు. ద్వారబంధం పట్టుకొని నిలబడ్డాడు.

ఓబులమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏందన్నా, పొద్దునే కదా పోయినావు! మళ్ళీనా?" అని నవ్వబోయి ఆగింది. "ఏంది, నన్నట్ల చూస్తావు?"

"ఏం లేదమ్మా," అన్నాడు మద్దిలేటి. "నువ్వు లోపల ఉండావో లేదో అని."

ఓబులమ్మ నవ్వలేదు. అతని భుజంమీదుగా గుట్ట నడుముకు, ఎర్రమిట్టవైపు చూసింది. తర్వాత ఇంట్లోకి తిరిగి మొగుణ్ణి కేకేసింది.

"ఏమయ్యో! గుట్టకు ఏ పొద్దు రావాల్నో అడుగుదువు, రా!"

లోపల్నుంచి పలుకు రాలేదు.

మద్దిలేటి ఈసారి వెనక్కి అడుగు వేయలేదు. ఓబులమ్మ మళ్ళీ పిలిచింది.