ముప్పై ఒక్క ఆటల్లో ఒక్క రాయి

హిమజకి గురువు మీద నమ్మకం పోయింది.

నమ్మకం పోయినవాళ్లు మాట్లాడకుండా వెళ్లిపోతే అదొక మర్యాద. ఆ పిల్ల అలా వెళ్లలేదు. యజమానికి ఉత్తరం రాసింది.

తెనాలిలో టైర్ల కొట్టు పైన, మేడ మీద, ఫోన్లలో ఆడుకునే చిన్నచిన్న ఆటలు తయారుచేసే చోటు ఒకటుంది. బస్సు కోసం నిలబడ్డవాళ్లూ, పప్పు ఉడికేదాకా కూచున్నవాళ్లూ ఆడుకునే ఆటలు. వాటికి బొమ్మలు వేసేది మీరావలి మేస్త్రి. నలభై ఏళ్లు నాటకాల తెరలు వేసిన చెయ్యి అది. తెరలు అడిగేవాళ్లు లేకపోయాక ఇక్కడికొచ్చాడు. ఆయన కాయితం మీద కుంచెతో వేస్తే, ఫొటో తీసి కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్లు. హిమజ విశాఖపట్నంలో బొమ్మల చదువు చదివి, ఆయన దగ్గర పని నేర్చుకోడానికి వచ్చింది. వచ్చి రెండేళ్లయింది.

యజమాని పేరు నేను రాయను. పని తెలిసినవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి మాట్లాడే మనిషికి ఇక్కడ పేరెందుకు.

ఉత్తరంలో ఉన్నది ఒక్కటే సంగతి. మేస్త్రిగారు ఎప్పుడో వేసిన ఒక రాయి బొమ్మనే తిప్పితిప్పి వాడుతున్నారు. నాలుగు ఆటల్లో పట్టుకున్నాను. ఇది ఆడేవాళ్లని మోసం చెయ్యడం. నాకప్పగిస్తే ప్రతి ఆటకీ కొత్తగా వేస్తాను.

యజమాని ఆ ఉత్తరం పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. అందరి ముందూ చదివించాడు, రాసినమ్మాయి చేతే.

మేస్త్రి కళ్లజోడు తుడుచుకుంటూ విన్నాడు.

"ఏం మేస్త్రీ, నిజమేనా?"

"బొమ్మ ఒకటే. అది నిజం."

"మరి?"

"నాలుగన్నది తప్పు."

యజమానికి ఒళ్లు మండింది. "ఇకనించి పాత సరుకు వద్దు. ఆ రాయి తీసెయ్."

"తీసేస్తాను."

అక్కడ బొమ్మలన్నీ ఒకే ఫోల్డర్లో ఉంటాయి. ఆ గదిలో ఏ ఆటకి ఏ బొమ్మ కావాలన్నా అందులోంచి తీసుకోవాల్సిందే. మేస్త్రి రెండు వేళ్లతో మౌసు పట్టుకుని, ఒక్క బొమ్మని అందులోంచి పక్కకి జరిపాడు. జనం ఫోన్లలోకి వెళ్లిపోయిన ఆటలకి ఏమీ కాలేదు. గదిలో ఉన్నవాటిని మాత్రం ఒక్కొక్కటే తెరిచి చూడమన్నాడు, హిమజనే.

వాగు దాటే ఆటలో రాళ్లు లేవు. కోట కట్టే ఆటలో పునాది లేదు. ఇవి ఆమె పట్టుకున్నవే. మూడోదీ, నాలుగోదీ అంతే.

అయిదోది అడవి ఆట. ఏనుగు నిలబడి ఉంది. నాలుగు కాళ్లున్నాయి, తొండముంది, తోకుంది. ఒళ్లు లేదు. ఒళ్లుండాల్సిన చోట వెనకున్న చెట్లు కనిపిస్తున్నాయి.

ఎడ్లబండి ఆటలో ఎద్దుకి మూపురం పోయింది. టిఫిను కొట్టు ఆటలో ఇడ్లీ ప్లేట్లు ఖాళీగా ఉన్నాయి, పక్కన చట్నీ మాత్రం ఉంది. చెరువులో తాబేలు తల ఒకచోటా, కాళ్లు ఒకచోటా ఈదుతున్నాయి. పూలమ్మే ముసలమ్మకి కొప్పు లేదు. ఇంకో దాంట్లో చందమామ లేడు, మబ్బులు లేవు. రంగు మార్చి, బోర్లించి, సగం పాతిపెట్టి, మూడేసి ఒకచోట పేర్చి, అన్నిచోట్లా ఆ ఒక్క బొమ్మే.

పదో ఆట దగ్గర వెనకెవరో "ఇదీనా" అని నవ్వారు. ఇరవయ్యో ఆట దగ్గర ఎవరూ నవ్వలేదు.

ఆఖరిది జోలపాట ఆట. ఉయ్యాల ఊగుతోంది. అందులో దుప్పటి కప్పుకుని, బోర్లా ముడుచుకుని పడుకున్న చంటిపిల్ల ఉండాలి. దుప్పటి అంచు ఉంది. పిల్ల లేదు. ఆ ఆట హిమజ వాళ్లమ్మ రోజూ ఆడుతుంది. పిల్ల ఎంత బాగా పడుకుందో చూడవే అని ఫోను తెచ్చి చూపిస్తుంది కూడా.

ముప్పై ఒకటి.

హిమజ మౌసు వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది. చదువుకున్నవాళ్లకి లెక్క ముందొస్తుంది, చూపు తరవాత వస్తుంది.

"సరే సరే, మళ్లీ పెట్టెయ్ మేస్త్రీ," అన్నాడు యజమాని.

"తీసెయ్యమన్నారు, తీశాను. కొత్తది వేస్తానని అమ్మాయి రాసింది. వెయ్యనివ్వండి."

యజమాని హిమజ వైపు తిరిగాడు. "శనివారం దాకా చూస్తాను. ముప్పై ఒక్క చోట్లా అతికేది వేసి చూపించు. లేకపోతే సోమవారం నించి రానక్కర్లేదు."

హిమజ వేసింది. మొదటి రాయి చూస్తే ఎవరైనా మెచ్చుకుంటారు. పగుళ్లూ, పాచీ, ఎండ పడ్డ వైపు చిన్న మెరుపూ. వాగులో పెడితే వాగుకే అందమొచ్చింది. ఏనుగుకి పెడితే ఒళ్లంతా పుండ్లు పడ్డట్టుంది. ఉయ్యాల్లో పెడితే ఉయ్యాల్లో రాయి పెట్టినట్టే ఉంది.

మేస్త్రి చూసి, "ఇందులో నువ్వున్నావమ్మా," అన్నాడు.

పగుళ్లు తీసేసింది. పాచి తీసేసింది. మెరుపు తీసేసింది. నున్నగా, గుండ్రంగా తయారైంది. అన్నిచోట్లా పట్టింది. కానీ ఏనుగు గాలి కొట్టిన బుడగలా ఉంది, చందమామ బొత్తాంలా ఉన్నాడు.

"ఇందులో ఎవరూ లేరు," అన్నాడు మేస్త్రి.

శనివారం మధ్యాహ్నానికి పందొమ్మిది రాళ్లయ్యాయి. ఇరవయ్యోది వెయ్యడానికి చెయ్యి రాలేదు. వెళ్లి మేస్త్రి కుర్చీ పక్కన నేల మీద కూచుంది. ఆయన క్యారేజీ విప్పుతున్నాడు.

"తిన్నావా?"

"లేదు మేస్త్రిగారూ."

"తిని మాట్లాడు." మూతలో అన్నం, కాస్త గోంగూర పచ్చడి పెట్టిచ్చాడు.

రెండు ముద్దలు తిని, "నా మీద కోపం లేదా మీకు?" అంది.

"ఎందుకుండదు. ఉంది. తిను."

తింది. తిన్నాక అడిగింది. "ఆ రాయి ఏ వాగులో చూసి వేశారండీ? చెప్తే వెళ్లి చూసొస్తాను."

"రాయి అని నేనెప్పుడన్నాను?"

"ఫోల్డర్లో రాయి అనే ఉంది కదా."

"ఎక్కించినవాడు పెట్టుకున్న పేరది. వాడడగలేదు, నేను చెప్పలేదు." మేస్త్రి లేచి చెయ్యి కడుక్కుని వచ్చి, తువ్వాలు భుజాన వేసుకుని కూచున్నాడు. "మా అమ్మ."

హిమజ ఆయన మొహంలోకి చూసింది.

"నమాజులో నుదురు నేలకానించి వంగేది. ఆ వీపు. వెనక కూచుని చూసేవాణ్ణి. నాకు భక్తేం కాదు, ఆకలి. లేచాక అన్నం పెడుతుందని."

క్యారేజీ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టుకున్నాడు.

హిమజ కంప్యూటర్ ముందుకెళ్లింది. పక్కకి జరిపిన బొమ్మని తెరిచింది. రెండేళ్లుగా చూస్తున్న బొమ్మే. చాలాసేపు చూసింది. దాన్ని తిరిగి ఫోల్డర్లో పెట్టడానికి మౌసు మీద చెయ్యి వెయ్యబోయి, ఆగి, అరచెయ్యి చున్నీకి తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది. అప్పుడు పెట్టింది.

ఏనుగుకి ఒళ్లొచ్చింది. చందమామ వచ్చాడు. ఉయ్యాల్లో పిల్ల పడుకుంది.

సాయంత్రం యజమాని వచ్చాడు. గుమ్మంలోంచే కంప్యూటర్ తెరలన్నీ చూశాడు. ఎక్కడా ఖాళీ లేదు.

"ఫర్వాలేదే. ఇది కొత్తదేనా?"

హిమజ నోరు తెరిచింది.

మేస్త్రి ఆ పిల్ల వైపు ఒకసారి చూసి, "కొత్తదే," అన్నాడు.