గొడుగు చూసి లేచే గరిటె

"ఈసారి స్తూపయాత్రలో నా కొలువులో గొప్ప దాత ఎవరో తేలిపోవాలి. యాత్రికుల సత్రం, దాని మాన్యాలూ వాడి చేతికే అప్పగిస్తాను" అన్నాడు అరుణకేతు మహారాజు.

కోశాధికారి ధనగిరి అందరికంటే ముందు లేచాడు. లేవకుండా ఉంటాడా? పిల్లికి గుక్కెడు పాలు పోసినా ఊరంతా దండోరా వేయించే మనిషి.

"రేపు స్తూపం దగ్గర భిక్షువులకూ యాత్రికులకూ నా అన్నదానం, ప్రభూ! తమరు కళ్ళారా చూడాలి."

రాజుగారి చెలికాడు విధికుడికి ఆ మాట నచ్చలేదు. సత్రం వీడి చేతిలో పడితే యాత్రికుల గతేమిటి? సభ ముగిశాక రాజును పక్కకు పిలిచాడు.

"దాత ఎలాంటివాడో సింహాసనం మీంచి కనబడదు, ప్రభూ. పాత్ర పట్టుకుని వరుసలో నిలబడితే కనబడుతుంది. మీరు యాత్రికుడి వేషంలో వెళ్ళండి. మీ తెల్లగొడుగు ఒక్క పూట నాకివ్వండి."

మర్నాడు స్తూపం ముందు ముతక పంచె కట్టుకుని, మట్టిపాత్రతో రాజు నిలబడ్డాడు. గుండిగల్లో అన్నం పొగలు కక్కుతోంది. ఒక్క గరిటె కదలదు. పట్టుబట్టలు కట్టుకున్న ధనగిరి మెడ సాచి దారివంకే చూస్తున్నాడు.

రాజు ముందు ఒక ముసలి భిక్షుణి ఉంది. ఖాళీ పాత్రలోకి మాటిమాటికీ చూసుకుంటోంది.

"ఆకలా, అమ్మా?"

"నిన్నటి దాత కూడా ఇలాగే నిలబెట్టాడు నాయనా. సూర్యుడు నడినెత్తికొస్తే మేం ముద్ద ముట్టకూడదు. మళ్ళీ రేపటిదాకా నీళ్ళే."

రాజు కేకేశాడు. "అయ్యా, పొద్దెక్కుతోంది! వడ్డించండి!"

"రాజుగారి గొడుగు కనబడందే గరిటె లేవదు! నీ ఆకలి చూసి పెట్టడానికి నేనేమన్నా నీ మేనమామనా?" అని కసిరాడు ధనగిరి.

అంతలో ప్రహరీ వెనక తెల్లగొడుగు లేచింది.

"వడ్డించండి! నెయ్యేదిరా? రండి తల్లీ, రండి!" ధనగిరి గొంతులో తేనె కారింది.

గొడుగు దిగిపోయింది. గరిటె గాల్లోనే ఆగింది.

గొడుగు లేచింది. గరిటె లేచింది. మళ్ళీ దిగింది. ధనగిరి చెయ్యి తోలుబొమ్మ చెయ్యిలా ఆడుతుంటే వరుసలో కిసకిసలు మొదలయ్యాయి.

చివరికి గొడుగు గుమ్మంలోకి వచ్చింది. ధనగిరి తలెత్తకుండానే సాగిలపడ్డాడు.

"చూశారా ప్రభూ, నా దానం?"

జవాబు వరుసలోంచి వచ్చింది.

"చూశాను. నా పాత్ర ఇంకా ఖాళీగానే ఉంది."

ధనగిరి తలెత్తాడు. గొడుగు కింద విధికుడు పళ్ళికిలిస్తున్నాడు. రాజు అప్పటికే గరిటె లాక్కుని భిక్షుణి పాత్రలో వడ్డిస్తున్నాడు. అది చూసి వంటవాళ్ళంతా పరుగులు పెట్టారు. పొద్దు నడినెత్తికి రాకముందే భిక్షువులందరి పాత్రలూ నిండాయి.

"మరి వీడికేమిద్దాం, విధికా?" అన్నాడు రాజు.

"ఆయన పెట్టింది ఆకలికి కాదు, గొడుగుకి. ఆయనకు అంత ఇష్టమైన గొడుగే ఇప్పించండి, ప్రభూ."

రాజు పకపకా నవ్వాడు. "యాత్రికుల ఆకలి గురించి ఆలోచించినవాడివి నువ్వొక్కడివే. సత్రం నీది, విధికా. గొడుగు వాడిది. ధనగిరీ, కడపటి యాత్రికుడు తిని లేచేదాకా వీళ్ళకు నీడ పట్టు!"

ధనగిరి పట్టుబట్టలు చెమటతో తడిసి ఒంటికి అంటుకున్నాయి. భిక్షుణి ముద్ద మింగి తలెత్తింది.

"కాస్త ఇటు వంచు నాయనా. ఎండ పడుతోంది."

వరుస వరుసంతా గొల్లున నవ్వింది.